పారితోషికం లేని కచేరీకి పిలిచినవారి ఆతిథ్యం: ఒక విద్యార్థి సాంస్కృతిక సంఘంపై సమీక్ష

విజయవాడకు గంటన్నర దూరంలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కళాశాలలో, విద్యార్థుల సాంస్కృతిక సంఘం వారు వార్షికోత్సవాల్లో భాగంగా మొన్న ఫిబ్రవరిలో ఒక కర్ణాటక సంగీత కచేరీ ఏర్పాటు చేశారు. అందులో నేను వయొలిన్ సహకారం అందించాను. గాత్రం, వయొలిన్, మృదంగం, ఘటం కలిపి మేం నలుగురం వెళ్లాం. పారితోషికం ఇవ్వలేమని వాళ్లు ముందే చెప్పారు, మేం ముందే ఒప్పుకున్నాం. కాబట్టి దారి ఖర్చుల సంగతి తప్ప డబ్బు గురించి ఇక్కడ నా ఫిర్యాదు ఏదీ లేదు. కళాశాల పేరు రాయకపోవడానికి కారణం, ఆ సంఘంలోని పిల్లలు వచ్చే ఏడాదికి మారిపోతారు, పేరు మాత్రం మిగిలిపోతుంది. ఇలాంటి పిలుపు అందుకోబోయే కళాకారులకూ, పిలవబోయే విద్యార్థులకూ పనికొస్తుందన్న నమ్మకంతో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఉచితంగా పాడటం, వాయించటం మా సంప్రదాయంలో కొత్త విషయం కాదు. పుష్య బహుళ పంచమి నాడు తమిళనాడులోని తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర ఎంతటి విద్వాంసులైనా డబ్బు కోసం కాక సేవగానే కూర్చుని పాడతారు. అక్కడ సమాధికి మందిరం కట్టించడానికి ప్రఖ్యాత గాయని బెంగళూరు నాగరత్నమ్మ తన ఆస్తినే ధారపోసింది. మా ఊళ్లలోనూ ఆరాధనోత్సవాలకు పిలుపు వస్తే ఎంత ఇస్తారని మేం అడగం. అయితే ఆ ఉత్సవాల్లో ఎవరు ఎప్పుడు కూర్చోవాలో, ఎంతసేపు పాడాలో ముందే రాసి ఉంటుంది, కొత్తగా వచ్చిన పిల్లవాడికి పది నిమిషాలిస్తే ఆ పది నిమిషాలూ అతనివే. డబ్బు లేని చోట కళాకారుడికి దక్కేది ఆ క్రమం, ఆ మర్యాదే కాబట్టి, ఉచిత కచేరీకి ఏర్పాట్లు డబ్బిచ్చే కచేరీ కంటే ఒక పాలు ఎక్కువ శ్రద్ధగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

మాకు పిలుపు జనవరిలో వాట్సాప్ ద్వారా వచ్చింది. సాయంత్రం 6 గంటలకు మొదలుపెట్టి గంటన్నర వాయించాలని, సౌండ్ సరిచూసుకోవడానికి మూడున్నరకల్లా రమ్మని రాశారు. గాయని శ్రుతి (పాటకు ఆధారమైన స్వరం ఎత్తు) ఎంత, ఎన్ని మైకులు కావాలి, ఎంతమంది వస్తున్నారు అని ఎవరూ అడగలేదు. అడగనప్పుడు మేమైనా చెప్పి ఉండాల్సింది. ఆ తప్పులో మా వాటా గురించి కింద రాస్తాను.

మూడు గంటల ఇరవై నిమిషాలకు కళాశాల గేటు దగ్గరికి చేరాం. మా పేర్లు సెక్యూరిటీ వాళ్ల దగ్గర లేవు. మమ్మల్ని పిలిచిన విద్యార్థి ఫోను ఎత్తలేదు, ఫ్యాషన్ షో రిహార్సల్‌లో ఉన్నాడని తరవాత తెలిసింది. ముప్ఫై అయిదు నిమిషాలు కారులోనే కూర్చున్నాం. ఘటం విద్వాంసుడు అంతసేపూ ఘటాన్ని ఒళ్లో పెట్టుకుని, ఎక్కడ తగులుతుందోనని రెండు చేతులతో పట్టుకునే ఉన్నారు. లోపలికి వెళ్లాక మాకు చూపించిన గది ఒక తరగతి గది. దానికి తాళం లేదు, తాగడానికి నీళ్లు లేవు. గాయని చీర మార్చుకోవడానికి వెళ్లిన బాత్రూముకు తాళం వేసి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి ఆవిడే రెండు అంతస్తులు దిగి ఎక్కవలసి వచ్చింది.

నీళ్లు లేకపోవడం చిన్న అసౌకర్యంలా కనిపించవచ్చు గానీ, మృదంగానికి అది ప్రాణసమస్య. మృదంగం ఎడమవైపు మూతకు గంభీరమైన నాదం రావాలంటే కచేరీకి ముందు బొంబాయి రవ్వను నీళ్లతో తడిపి ముద్ద చేసి మధ్యలో అంటించాలి. ఆ ముద్ద ఆరిపోతే నాదం పోతుంది. మా మృదంగ విద్వాంసుడు ఎవరో విద్యార్థి ఇచ్చిన సగం సీసా నీళ్లతో అయిదున్నరకు రవ్వ కలిపి పెట్టుకున్నారు. కచేరీ మొదలైంది ఏడు గంటల యాభై నిమిషాలకు. ఈ రెండు గంటల ఇరవై నిమిషాల్లో ఆయన ఆరిన రవ్వను గోకి తీసి మళ్లీ పెట్టడం రెండుసార్లు జరిగింది. రెండోసారి నీళ్లు అయిపోతే, ఒక రెండో సంవత్సరం అమ్మాయి పరుగెత్తి వెళ్లి క్యాంటీన్ నుంచి చెంబుతో తెచ్చింది. ఆ అమ్మాయి సంఘంలో సభ్యురాలు కూడా కాదు.

శ్రుతి సంగతి కూడా ఇలాంటిదే. మా గాయని శ్రుతి ఐదున్నర. దానికి హెచ్చు శ్రుతి మృదంగం కావాలి. మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడేటప్పుడు వాడే తగ్గు శ్రుతి మృదంగం దీనికి పనికిరాదు. ఒక్కో మృదంగాన్ని రాయితో తట్టి కొంతవరకే పెంచగలం, తగ్గించగలం. ఘటానికి ఆ వెసులుబాటు కూడా దాదాపు లేదు. మేం అందరం ఒకే బృందంగా వెళ్లాం గనక గట్టెక్కాం గానీ, గాయనిని ఒకచోటి నుంచి, పక్కవాద్యాలను ఇంకోచోటి నుంచి పిలిచే విద్యార్థులు ఈ ఒక్క అంకె అడగకపోతే కచేరీ మొదలవకముందే చెడిపోతుంది.

వేదిక దగ్గర పరిస్థితి ఇంకా కష్టంగా ఉంది. మేం నేలమీద కూర్చుని వాయిస్తామని నిర్వాహకులకు తట్టినట్టు లేదు. ఎత్తు పీట గానీ, కనీసం ఒక జంపఖానా గానీ లేదు. మధ్యాహ్నమంతా బూట్లతో తొక్కిన కార్పెట్ మీద కూర్చోవడానికి మాకు మనసొప్పలేదు. పరవడానికి ఏదైనా ఇమ్మంటే, ఇద్దరు కుర్రాళ్లు గోడకున్న ఫ్లెక్సీ బ్యానర్ విప్పి, తిరగేసి పరిచారు. దాని మీద కూర్చుని కాలు కదిపితే చాలు చరచరమని చప్పుడు, ఆ చప్పుడంతా మైకులోకి వెళుతుంది. చివరికి ఇందాకటి అమ్మాయే తన హాస్టల్ గదిలోంచి రెండు దుప్పట్లు తెచ్చి పరిచింది. ఆ దుప్పట్ల మీదే కచేరీ జరిగింది.

ఇక సౌండ్. సౌండ్ కుర్రాడిని నేను తప్పు పట్టను. అతనికి ఇచ్చిన పని రాత్రి తొమ్మిదింటికి డీజే, దానికి తగ్గట్టే పెద్ద బాస్ స్పీకర్లు సిద్ధం చేసుకున్నాడు, నలుగురు కూర్చుని వాయించే కచేరీ ఉందని అతనికి ఆ సాయంత్రమే తెలిసింది. మాకు గాత్రానికి ఒకటి, వయొలిన్‌కు ఒకటి, మృదంగానికి రెండువైపులా రెండు, ఘటానికి ఒకటి చొప్పున అయిదు మైకులు, అవి కూర్చున్నవాళ్ల ఎత్తుకు వంగే పొట్టి స్టాండ్లు, మా వాయిద్యం మాకు వినిపించడానికి వేదిక మీద కనీసం రెండు మానిటర్లు కావాలి. ఉన్నవి మూడు మైకులు, అన్నీ వ్యాఖ్యాతలు చేతిలో పట్టుకునేవే. నా ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ పెట్టి దాని కాలికి టేపుతో మైకు కట్టారు. మానిటర్ లేకపోవడంతో గాయని గొంతు నాకు హాలు వెనక గోడకు కొట్టుకుని తిరిగి వచ్చాక వినిపించేది. అప్పటికప్పుడు అల్లి పాడే కల్పన స్వరాల్లో ఆవిడ అన్న స్వరాన్ని అందుకుని వెంటనే జవాబు వాయించాల్సిన నేను, ప్రతిసారీ ఒక వెంట్రుకవాసి వెనకబడుతూనే ఉన్నాను. ముప్ఫై ఏళ్లుగా కమాను పట్టుకున్న చేతికి అది ఎంత బాధో ఆ వాద్యం వాయించేవాళ్లకు తెలుస్తుంది. పెద్ద స్పీకర్లలో మృదంగం ఎడమవైపు నాదం ఉరుములా దద్దరిల్లుతుంటే, బాస్ శబ్దాన్ని కొంత తగ్గించమని నేనే లేచి వెళ్లి అడిగాను. అతను వెంటనే తగ్గించాడు. ఒక్క అరగంట ముందు మాకు వేదిక అప్పగించి ఉంటే ఇదంతా అతని చేతుల్లోనే సర్దుకునేది.

గంటన్నర అన్న కచేరీ చివరికి ఇరవై అయిదు నిమిషాలకు కుదించుకుపోయింది. కచేరీ మొదట్లో పాడే వర్ణం వదిలేశాం, చిన్న కృతి ఒకటి పాడి నేరుగా కల్యాణి రాగం ఎత్తుకున్నాం. ఆలాపన తరవాత నేను నా వంతు వాయిస్తుండగా వ్యాఖ్యాత వేదిక పక్కనుంచి ‘5 నిమిషాలు’ అని రాసిన కాగితం చూపించింది. నెరవలు (కృతిలోని ఒక పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడటం) మధ్యలో డీజే బృందం వాళ్లు లైట్లు, పొగ యంత్రం సరిచూసుకోవడం మొదలుపెట్టారు. ఆ తేమపొగ మా మీదుగా పోతుంటే మృదంగం మూత సడలి శ్రుతి దిగిపోవడం చెవికి స్పష్టంగా తెలిసింది. తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనానికి చోటే లేదు. మృదంగ, ఘట విద్వాంసులకు కచేరీలో తమదంటూ ఉండే ఘట్టం అదొక్కటే. దానికోసం వారం రోజులు కలిసి ముక్తాయింపులు (ముగింపు లయ జతులు) కూర్చుకుని వచ్చిన ఇద్దరూ ఒక్క మాట అనకుండా వాద్యాలు సర్దుకున్నారు. ఆ రోజు మొత్తంలో నాకు అన్నిటికంటే ఎక్కువ కష్టం కలిగించింది ఆ మౌనమే.

ఆ తరవాత శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలకు పావుగంట పట్టింది. ఆ పావుగంట కచేరీకి ఇచ్చి ఉంటే తని ఆవర్తనం జరిగేది. భోజనానికి కూపన్లు ఇచ్చారు గానీ మేం వెళ్లేసరికి క్యాంటీన్ మూసేశారు. కారుకు అయిన 2,800 రూపాయలు బిల్లు పంపితే ఇస్తామన్నారు, మర్నాడే పంపాను, ఏడు వారాలు గడిచినా రాలేదు.

ఇక మంచి. హాల్లో మా కోసం కూర్చున్నవాళ్లు అరవై మందికి మించరు, వాళ్లలో ముందు రెండు వరసల పిల్లలు మాత్రం ఒక్కసారి కూడా ఫోను వంక చూడలేదు. ఆది తాళం వేయడం రానివాళ్లు పక్కవాళ్ల చేతులు చూసి నేర్చుకుంటూ వేశారు. కచేరీ అయ్యాక పదిహేను మంది మా గదికి వచ్చారు. ‘సర్, ఆవిడ పాడిన స్వరాలు మీరిద్దరూ ముందే అనుకుని వచ్చారా?’ అని ఒక అబ్బాయి అడిగితే, అవి అప్పటికప్పుడు పుట్టినవని చెప్పి, గాయని అక్కడే బెంచీ మీద కూర్చుని మోహన రాగంలో నాలుగు ఆవర్తాలు (తాళం చుట్లు) పాడారు, నేను మైకు లేకుండానే జవాబు వాయించాను. మృదంగ విద్వాంసుడు తన వాద్యాన్ని ఆ అబ్బాయి చేతికే ఇచ్చి రవ్వ ఎందుకు పెడతారో, కుడివైపు మూత మీద నల్లని మందు ఎందుకు వేస్తారో చూపించారు. తొమ్మిదింటికి బయట డీజే మొదలై గోడలు అదురుతుంటే కూడా ఆ పిల్లలు కదల్లేదు. మేం ఆ ఊరు వెళ్లినందుకు దక్కింది ఆ ముప్పావుగంట.

అంత ఆసక్తిగల పిల్లలున్న చోట ఏర్పాట్లు ఇలా ఎందుకయ్యాయని దారంతా మాట్లాడుకున్నాం. పిల్లలకు అనుభవం లేదన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. 1977లో ఢిల్లీ ఐఐటీలో కిరణ్ సేఠ్ ప్రారంభించిన స్పిక్ మెకే దేశమంతటా పాఠశాలల్లో, కళాశాలల్లో శాస్త్రీయ సంగీత, నృత్య కార్యక్రమాలు జరిపిస్తోంది. ఆ సంస్థను నడిపేది కూడా ఎక్కువగా విద్యార్థులూ స్వచ్ఛంద సేవకులే. తేడా ఎక్కడంటే, అక్కడ ఒకరు నేర్చుకున్నది తరవాతివాళ్లకు అందుతుంది. చాలా కళాశాలల సంఘాల్లో ఏటా కార్యవర్గం మారుతుంది, పోయేవాళ్లు వచ్చేవాళ్లకు ఒక కాగితం కూడా అప్పగించరు. ఇంకో కారణం కూడా ఉంది. డబ్బు తీసుకునే డీజే తనకు ఏమేం కావాలో ఒప్పందంలో రాసి ఇస్తాడు, అది తప్పితే అడ్వాన్సు పోతుందన్న భయం నిర్వాహకులకు ఉంటుంది. మాతో ఉన్నది ఒక వాట్సాప్ సందేశం. ఏదో ఒకటి తగ్గించవలసి వచ్చినప్పుడు ఎవరిది తగ్గుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడే మా తప్పు ఉంది. పిల్లలు గౌరవంగా పిలిచారు, మనం షరతులు పెడితే ఏం బాగుంటుందన్న మొహమాటంతో మేం ఏమీ అడగలేదు. అడిగి ఉంటే వాళ్లు చేసి ఉండేవాళ్లేనని ఆ దుప్పట్లు తెచ్చిన అమ్మాయిని చూశాక నాకు అనిపించింది. తిరిగొచ్చాక మేం నలుగురం కూర్చుని ఒక పేజీ రాసుకున్నాం. శ్రుతి ఎంతో, ఏ వాద్యానికి ఏ మైకో, ఎక్కడ పెట్టాలో, వేదిక మీద ఎనిమిదడుగుల చదరపు జంపఖానా, మంచినీళ్లు, తాళం ఉన్న గది, ఆడవాళ్లకు బాత్రూము, గేటు దగ్గర మా పేర్లు, మేం వచ్చే వేళకు ఫోను ఎత్తే ఇద్దరి నంబర్లు, ఇవన్నీ అందులో ఉన్నాయి. అనుకున్న సమయం కంటే గంట ఆలస్యమైతే కచేరీ బదులు గదిలో పిల్లలతో సోదాహరణంగా మాట్లాడి వెళ్తామని కూడా రాశాం. దారి ఖర్చులు బయల్దేరే ముందే పంపాలన్నది చివరి మాట.

ఆ సంఘం ఆతిథ్యానికి అయిదుకు ఒకటి ఇస్తాను, ఆ ఒకటి కూడా సంఘంలో లేని ఆ అమ్మాయి వల్ల. వచ్చిన శ్రోతలకు అయిదుకు అయిదు ఇస్తాను. కిందటి వారం ఆ సంఘం కొత్త కార్యదర్శి ఫోను చేసి, దసరా తరవాత మళ్లీ రాగలరా అని అడిగాడు. వస్తామనే చెప్పి ఆ పేజీ పంపాను. మర్నాడు అతను ఫోను చేసి, ‘సర్, మానిటర్ అంటే ఏది? మా సౌండ్ అతను రెండు రకాలున్నాయంటున్నాడు’ అని అడిగాడు. ఇరవై నిమిషాలు మాట్లాడాం. కారు ఖర్చు 2,800 ఇంకా రావాలని కూడా గుర్తు చేశాను, రాసుకున్నాడు.