చీటీ లేకుండా కొన్న సిరప్ పన్చెయ్యలేదు, ఈ క్లినిక్‌కి వచ్చాకే పాప కోలుకుంది (5కి 4 స్టార్లు)

మా పాపకి 9 నెలలు. పోయిన నెల మోషన్స్ పట్టుకున్నాయి. పళ్ళొస్తున్నాయిలే అమ్మా అదే తగ్గిపోద్ది అన్నారు మా అత్తయ్య, నేనూ అదే అనుకున్నా. రెండో రోజుకి పది పన్నెండు సార్లు, పైగా జ్వరం, డైపర్ విప్పితే జిగురు జిగురుగా, మధ్యలో సన్నగా ఎర్రటి చారలు. అది చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆదివారం కదా, ఏ డాక్టరూ దొరక్క మా ఆయన ఇంటి దగ్గర మెడికల్ షాపుకి పరిగెత్తారు, అక్కడ చీటీ ఏదీ అని కూడా అడక్కుండా సెఫిక్సిమ్ అనే యాంటీబయోటిక్ సిరప్ చేతిలో పెట్టారు. రెండు రోజులు పట్టించాం, రవ్వంత తేడా లేదు, పాప కళ్ళు పీక్కుపోయి ఏడవడానికి కూడా ఓపిక లేకుండా ఒళ్ళో పడుకుంది.

మంగళవారం పొద్దున్నే గుంటూరు తీసుకొచ్చి ఇక్కడ చూపించాం. డాక్టర్ గారు పెన్ను తియ్యకముందే పాపని దగ్గరికి తీసుకున్నారు. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలి ఎంతసేపటికి సర్దుకుంటుందో చూశారు, మాడు లోపలికి పోయిందేమో తడిమారు, పొద్దుట్నుంచి ఎన్నిసార్లు ఉచ్చ పోసిందని అడిగారు. టీకాల కార్డు కూడా చూశారు. 6, 10, 14 వారాలకి వేసే రోటావైరస్ (మోషన్స్ తెప్పించే ఒక వైరస్) టీకా చుక్కలు (మన ఏపీలో 2016 నుంచీ గవర్నమెంటే వేస్తోంది) మా పాపకి మూడూ పడ్డాయి. అప్పుడు చెప్పారు, "చూడమ్మా, చంటిపిల్లలకి నీళ్ళ మోషన్స్ చాలావరకు వైరస్ వల్లే వస్తాయి, దానికి ఏ యాంటీబయోటిక్ పోసినా దండగే. రక్తం పడుతోందంటే మాత్రం బ్యాక్టీరియా అనుకోవాలి, రెండ్రోజులు ఆ సిరప్ పడినా తగ్గలేదంటే అది ఆ మందుకి లొంగని రకం కావచ్చు. కల్చర్ పెడదాం." కల్చర్ అంటే మోషన్‌లో ఉన్న బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి, అదేంటో, ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష.

కింద ల్యాబ్‌లో అమ్మాయి ఎంత ఓపిగ్గా చెప్పిందో. డైపర్ తడి పీల్చేస్తది కాబట్టి లోపల శుభ్రమైన ప్లాస్టిక్ కవర్ పరవమంది, మూతకి చిన్న స్పూన్ ఉన్న డబ్బా ఇచ్చింది, జిగురూ రక్తం ఉన్న చోటే తియ్యమంది, ఆలస్యం చేస్తే అందులో బ్యాక్టీరియా చచ్చిపోయి రిపోర్ట్ తప్పొస్తదని వెంటనే తెచ్చివ్వమంది. శాంపిల్ ఇచ్చాకే కొత్త మందు మొదలుపెట్టించారు, సెఫిక్సిమ్ ఆపించి అజిత్రోమైసిన్ రాశారు.

గురువారం సాయంత్రం రిపోర్ట్. షిగెల్లా అంట, రక్త విరేచనాలు తెప్పించే బ్యాక్టీరియా. ల్యాబ్ అమ్మాయి ఫోన్లో ఆ ప్లేట్ ఫొటో చూపించింది, గుండ్రటి ప్లేట్ మీద చుట్టూ తెల్లటి చిన్న చిన్న బిళ్ళలు, ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు. పన్చేసే మందు బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం ఉంటది, పన్చెయ్యని దాని అంచు దాకా బ్యాక్టీరియా పాకేసి ఉంటది. మా పాప ప్లేట్‌లో సిప్రోఫ్లాక్సాసిన్, కోట్రైమోక్సజోల్, మేం రెండ్రోజులు పట్టించిన సెఫిక్సిమ్, అన్నిటి అంచు దాకా పాకేసింది. అజిత్రోమైసిన్ చుట్టూ మాత్రం శుభ్రంగా ఖాళీ. ఆ ఫొటో ఇంకా నా కళ్ళ ముందే ఉంది.

అవసరం లేనిచోట యాంటీబయోటిక్ పోస్తే పొట్టలో మంచి బ్యాక్టీరియా చచ్చి మొండివి మిగుల్తాయి, పైగా ఆ మొండితనాన్ని పక్క బ్యాక్టీరియాకి కూడా అంటిస్తాయి అని డాక్టర్ గారు చెప్పారు. సిప్రో లాంటి మందులకి లొంగని షిగెల్లాని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మందులకి లొంగని ప్రమాదకరమైన బ్యాక్టీరియా అంటూ ఇచ్చిన 2024 లిస్టులో కూడా పెట్టింది. ఇంకోటి, సెఫిక్సిమ్ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉంది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు, కొన్నవాళ్ళ పేరు, రాసిన డాక్టర్ పేరు షాపులో రిజిస్టర్‌లో రాసుకోవాలి. మాకిచ్చిన చోట అవేం లేవు. ఆ రోజు వాళ్ళు "ఓఆర్ఎస్ పట్టండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి" అని ఒక్క ముక్క చెప్పుంటే పాపకి రెండ్రోజుల బాధ తప్పేది, ఆ కోపం నాకింకా పోలేదు.

మా ముందు వచ్చిన బాబుకి వట్టి నీళ్ళ మోషన్సే, రక్తం లేదు. వాళ్ళ నాన్న ఏదన్నా స్ట్రాంగ్ యాంటీబయోటిక్ రాయండి సార్ అని ఎంత బతిమాలినా రాయలేదు, ఓఆర్ఎస్, 14 రోజులు జింక్, అంతే. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, కొంచెం కొంచెం పొడి తీసి కలపకూడదు, స్పూన్‌తో నెమ్మదిగా పట్టాలి, 24 గంటలు దాటితే పారబొయ్యాలి అని పక్కన కూర్చోబెట్టి చెప్పారు. నాకైతే తల్లిపాలు అస్సలు ఆపొద్దన్నారు, మా అత్తయ్య పాలు మానిపించమన్నారు గానీ డాక్టర్ గారి మాట విన్నాక ఆవిడే పాపని తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. షిగెల్లా 10 నుంచి 100 బ్యాక్టీరియా లోపలికెళ్ళినా చాలంట జబ్బు రావడానికి, అందుకే డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కోమని, గోళ్ళు కత్తిరించుకోమని ఇంట్లో అందరికీ చెప్పమన్నారు.

మందు మార్చిన మూడో రోజుకి రక్తం ఆగింది, ఐదో రోజు ఉగ్గు తింది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, రెండున్నర గంటలు కూర్చున్నాం, మోషన్స్ అవుతున్న పిల్లల్ని ముందు పంపితే బావుండేది. డైపర్ మార్చడానికి సరైన చోటు లేదు, బయట మెట్ల మీద మార్చాను. కల్చర్‌కి 900 అయింది, మాకు కొంచెం బరువే గానీ ఆ డబ్బుకి బాధ లేదు. వెళ్ళేవాళ్ళు ఎనిమిదికల్లా టోకెన్ తీసుకోండి, టీకాల కార్డు, వాడిన మందుల డబ్బాలు మర్చిపోకుండా పట్టుకెళ్ళండి, డాక్టర్ గారు మొదట అడిగేది అవే.