డ్రాప్ అంటే భయపడేవాళ్ళకు డిస్నీ వరల్డ్‌లో ఏ రైడ్ మేలు?

ఎండాకాలం వచ్చిందంటే ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు అమెరికాలో దిగుతారు. పిల్లలకూ సెలవులే కాబట్టి ఏదో ఒక వారం డిస్నీ వరల్డ్ ఉన్న ఓర్లాండోకు ప్రయాణం పెట్టుకుంటారు. ప్రతి గుంపులోనూ ఒకరుంటారు: "మీరు వెళ్ళిరండి, బ్యాగులు నేను చూసుకుంటా" అని బెంచీ మీద కూర్చుండిపోయేవాళ్ళు. ఒక్కరోజు టికెట్టే వంద డాలర్లు దాటే చోట వాళ్ళు రోజంతా బ్యాగుల కాపలాతో గడపడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఎందుకంటే వీళ్ళలో చాలామందికి వేగమంటే భయం ఉండదు, చీకటన్నా ఎత్తన్నా భయం ఉండదు. పైనుంచి ఒక్కసారిగా కిందికి జారినప్పుడు, అంటే డ్రాప్‌లో, కడుపులో ఏదో లేచొచ్చినట్టు అనిపిస్తుందే, అదొక్కటే పడదు. అదొక్కటి తప్పిస్తే వాళ్ళు ఎక్కగలిగే రైడ్లు ఎన్నో ఉన్నాయి. ఏది ఎక్కాలో, ఏది వదిలేయాలో ముందే తెలిస్తే చాలు.

కిందికి పడుతున్నప్పుడు సీటూ మనమూ ఇంచుమించు ఒకే వేగంతో పడుతుంటాం. మామూలుగా కింద నుంచి సీటు మనల్ని మోస్తున్నట్టు ఉండే ఒత్తిడి తగ్గిపోతుంది. కడుపులోని పేగులకూ ఆ ఆసరా తప్పుతుంది. చెవి లోపల ఒంటి కదలికను కనిపెట్టే భాగం కూడా అదే కబురు మెదడుకు పంపుతుంది. గుండె జారినట్టు అనిపించేది అందుకే. జాతరలో కొలంబస్ ఎక్కినవాళ్ళకు ఇది బాగా తెలుసు. చివర కూర్చుంటే ప్రాణం పోయినంత పని అవుతుంది, మధ్యలో కూర్చుంటే ఫరవాలేదు. అదే ఓడ, అదే ఊపు, సీటు మాత్రమే తేడా. రోలర్ కోస్టర్‌కూ ఇది వర్తిస్తుంది. శిఖరం దాటేసరికి ముందు పెట్టెలు ఇంకా నెమ్మదిగానే ఉంటాయి, వెనక పెట్టెల్ని మాత్రం అప్పటికే కిందికి దిగుతున్న ముందు పెట్టెలు లాగేస్తాయి. డ్రాప్ పడనివాళ్ళు ముందు వైపు కూర్చోవాలి. ముందు కూర్చుంటే అంతా కనిపించి భయమేస్తుందని వెనక్కి పోతారు చాలామంది, కడుపుకు మాత్రం అదే ఎక్కువ శిక్ష.

ఇంకొక చోట కూడా చాలామంది బోల్తా పడతారు. రైడ్ బయట బోర్డు మీద రాసిన కనీస ఎత్తును చూసి భయం కొలుస్తారు. "నలభై అంగుళాల పిల్లలే ఎక్కుతున్నారు, మనకేం అవుతుంది?" అంటారు. డిస్నీ వరల్డ్‌లో ఒక పార్కు అయిన ఎప్‌కాట్‌లో సోరిన్ అనే ఎగిరే రైడ్ ఉంది, దానికి కనీస ఎత్తు 40 అంగుళాలు, అంటే 102 సెంటీమీటర్లు. ఇంకో పార్కు హాలీవుడ్ స్టూడియోస్‌లోని టవర్ ఆఫ్ టెర్రర్‌కూ అదే 40 అంగుళాలు. మొదటిదాంట్లో ఒక్క డ్రాప్ కూడా లేదు. రెండోది పూర్తిగా డ్రాపుల కోసమే కట్టింది. 199 అడుగుల భవనంలో లిఫ్టు లాంటి గదిని తీగలతో కిందికి లాగుతారు, అది మామూలుగా కిందపడే వేగం కంటే ఎక్కువ వేగంతో పోతుంది. ఎప్పుడు ఎన్నిసార్లు పడుతుందో కూడా ప్రతిసారీ మారుతుంది. ఆ బోర్డు చెప్పేది సేఫ్టీ బార్ ఏ సైజు మనిషిని పట్టి ఉంచగలదో మాత్రమే. మన కడుపు సంగతి దానికి తెలియదు. అసలు ఎత్తు నిబంధనే లేని రైడ్లలోనూ డ్రాపులుంటాయి.

ఇక పోలికలకు వద్దాం. ముందు పడవలు, ఎందుకంటే పెద్దవాళ్ళను మోసం చేసేవి ఇవే.

మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ 1973 నుంచీ నడుస్తోంది. చిన్న పడవ, చల్లటి చీకటి, అటూ ఇటూ బొమ్మల సముద్రపు దొంగలు. మొదట్లోనే చీకట్లో ఒక్క జారుడు ఉంటుంది, 14 అడుగులు. రెండు మూడు సెకన్లలో అయిపోతుంది, తర్వాత చివరిదాకా పడవ తాపీగా పోతుంది. ఎప్‌కాట్‌లో ఫ్రోజెన్ ఎవర్ ఆఫ్టర్ ఉంది, 2016లో మొదలైంది. దీనికీ ఎత్తు నిబంధన లేదు, చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ఎక్కుతారు. కానీ ఇందులో పడవ కాసేపు వెనక్కి పోయి, మళ్ళీ ముందుకు తిరిగి కిందికి జారుతుంది. నా ఓటు పైరేట్స్‌కే. భయం మొదట్లోనే తీరిపోతుంది కాబట్టి మిగతాదంతా నిమ్మళంగా చూడొచ్చు. ఫ్రోజెన్‌లో జారుడు చివర్లో ఉండటంతో రైడంతా ఇప్పుడా అప్పుడా అన్న టెన్షన్‌తోనే గడుస్తుంది.

మూడో పడవ మ్యాజిక్ కింగ్‌డమ్‌లోనే ఉన్న టియానాస్ బాయూ అడ్వెంచర్. ఒకప్పటి స్ప్లాష్ మౌంటెన్‌నే మార్చి 2024 జూన్‌లో తెరిచారు. పాటలు, బొమ్మలు, రంగులు చూస్తే పసిపిల్లల రైడ్ అనిపిస్తుంది. చివర్లో దాదాపు 50 అడుగుల జారుడు. బయట నిలబడితే పడవ పైనుంచి దూసుకురావడం, జనం అరవడం స్పష్టంగా కనిపిస్తాయి. డ్రాప్ పడనివాళ్ళు దీన్ని వదిలేయాలి, ఇందులో మధ్యేమార్గం లేదు. "అమ్మా, చిన్నపిల్లల రైడే, ఏం కాదు, రా" అని అబద్ధమాడి తీసుకెళ్ళొద్దని నా మనవి. ఆ ఒక్కసారి ఎక్కుతారు, ఆ తర్వాత రోజంతా ఏ రైడ్ పేరెత్తినా నమ్మరు. సోరిన్ లాంటి చక్కటిదాన్ని కూడా మీరు అలా పోగొట్టిన వాళ్ళవుతారు.

మ్యాజిక్ కింగ్‌డమ్ కోస్టర్లలో అసలైన పోటీ సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్, బిగ్ థండర్, స్పేస్ మౌంటెన్ల మధ్య.

స్పేస్ మౌంటెన్ 1975 నాటిది. వేగం గంటకు 45 కిలోమీటర్ల దగ్గరే ఉంటుంది, మన ఊళ్ళో బండి మీద పోయే వేగం అది. దాని అతి పెద్ద జారుడు కూడా 30 అడుగుల లోపే. అంకెలు చూస్తే డ్రాప్ పడనివాళ్ళకు ఇదే మేలనిపిస్తుంది. కానీ పట్టాలు కనిపించనంత చీకటి. ఎటు తిరుగుతుందో, ఎక్కడ పడుతుందో తెలియదు, ఒళ్ళు బిగపట్టుకునే వీలే దొరకదు. పైగా ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి, పక్కన చెయ్యి పట్టుకునే మనిషి ఉండరు. కుదుపులు కూడా ఎక్కువే, మెడనొప్పి ఉన్నవాళ్ళకు అసలు పనికిరాదు.

మైన్ ట్రైన్ 2014లో వచ్చింది. దాని అతి పెద్ద జారుడు 40 అడుగుల దగ్గరకొస్తుంది, అంటే స్పేస్ మౌంటెన్ కంటే ఎక్కువ. అయినా నేను దీన్నే ముందు పెడతాను. అది నిట్టనిలువుగా పడదు, వంపు తిరుగుతూ దిగుతుంది. వంపులో ఒళ్ళు సీటుకు అదుముకుంటుంది కాబట్టి కడుపులో ఆ ఖాళీ అంతగా తెలియదు. పెట్టెలు ఉయ్యాల తొట్టిలా అటూ ఇటూ ఊగేలా కట్టారు, మలుపు కుదుపు ఒంటికి తగలకముందే పెట్టె ఒరిగిపోతుంది. మధ్యలో బండి గనిలోకి వెళ్ళి నెమ్మదిస్తుంది. రంగురాళ్ళు మెరుస్తుంటాయి, మరుగుజ్జులు పాడుకుంటూ తవ్వుతుంటారు. అక్కడ ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ గని దాటి రెండో ఎత్తు ఎక్కాక పెద్ద జారుడు వస్తుంది. పక్కన కూర్చున్నవాళ్ళు "ఇప్పుడు ఎక్కుతున్నాం, ఇక దిగుతాం" అని చెబితే చాలు, సగం భయం పోతుంది. అన్నీ కలిపి మూడు నిమిషాల లోపే.

బిగ్ థండర్‌లో పెద్ద డ్రాపులు లేవు. గంటకు 58 కిలోమీటర్ల దాకా పోతుంది, మలుపుల మీద మలుపులు, చిన్న చిన్న జారుళ్ళు. పిల్లలకు తెగ నచ్చుతుంది. మైన్ ట్రైన్ కంటే కుదుపు ఎక్కువ, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఆలోచించుకోవాలి. వెనక పెట్టెల్లో ఇది బాగా ఎగరేస్తుంది, ముందు పెట్టెల్లో ఎంతో నయం. 2025 జనవరిలో దీన్ని పెద్ద మరమ్మతులకు మూశారు, కాబట్టి వెళ్ళే ముందు డిస్నీ యాప్‌లో తెరిచి ఉందో లేదో చూసుకోండి. మొత్తం మీద వరస ఇదీ: మైన్ ట్రైన్, తర్వాత బిగ్ థండర్, మరీ ఆశ ఉంటే స్పేస్ మౌంటెన్.

హాలీవుడ్ స్టూడియోస్‌లో స్లింకీ డాగ్ డాష్ చూసి అందరూ మైన్ ట్రైన్‌కు అన్నదమ్ముడనుకుంటారు. రెండింటికీ కనీస ఎత్తు 38 అంగుళాలే. కానీ స్లింకీలో ఒంటె మూపుల్లాంటి ఎత్తుపల్లాలు వరసగా ఉంటాయి, ఒక్కో మూపు మీద ఒళ్ళు సీటులోంచి కొద్దిగా లేస్తుంది. ఒక్క పెద్ద డ్రాప్ కంటే ఈ చిన్న లేపుళ్ళే కొందరికి ఎక్కువ ఇబ్బంది పెడతాయి. మంచి సంగతేమిటంటే పట్టాలన్నీ ఆరుబయటే ఉంటాయి, కాసేపు నిలబడి చూసి నిర్ణయించుకోవచ్చు. యానిమల్ కింగ్‌డమ్‌లోని ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. 80 అడుగుల డ్రాప్, దానికి ముందు చీకట్లో వెనక్కి పరుగు.

ఇక అసలు డ్రాపే లేకుండా ఒళ్ళు జలదరించేలా ఉండాలంటే ఎప్‌కాట్‌కు రండి. టెస్ట్ ట్రాక్‌లో ఆరుగురు పట్టే కారు లాంటిది ఎక్కుతారు. చివర్లో భవనం బయటికొచ్చి గంటకు 100 కిలోమీటర్లు దాటి దూసుకుపోతుంది. మొహానికి గాలి కొడుతుంది, వంపులో ఒరుగుతుంది, ఎక్కడా కిందికి పడదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కారులో హాయిగా కూర్చునేవాళ్ళెవరైనా దీన్ని తట్టుకుంటారు. దాని పక్కన గార్డియన్స్ కోస్టర్‌ను పెట్టి చూడండి. 2022లో వచ్చింది, వెనక్కి విసురుతుంది, పెట్టెలు తిరుగుతుంటాయి. ఇందులోనూ పెద్ద నిలువు డ్రాపులు లేవు. కానీ కారులో ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతి వచ్చేవాళ్ళకు ఇది పనికిరాదు. డ్రాప్ భయమూ తిప్పుడు భయమూ వేరు, ఒకటి ఉన్నవాళ్ళకు రెండోది ఉండాలని లేదు. రైడ్ ఎంచుకునే ముందు "జారితే ఇబ్బందా, తిరిగితే ఇబ్బందా?" అని విడివిడిగా అడగండి.

ఎగిరే రైడ్లు రెండు. సోరిన్‌లో వరసగా కుర్చీల్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటాం. కుర్చీలు మెల్లగా పైకి లేస్తాయి, చెప్పులు గాలిలో వేలాడుతుంటాయి, ఎదురుగా పెద్ద వంపు తెర, మొహానికి చల్లగాలి. ఊగినట్టు ఉంటుంది అంతే. ఎత్తు కూడా పడనివాళ్ళయితే అన్నిటికంటే కింద ఉండే మూడో వరస కావాలని అక్కడి సిబ్బందిని అడగండి. యానిమల్ కింగ్‌డమ్‌లోని అవతార్ ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ ఇంకా గొప్పగా ఉంటుంది, కానీ అందులో మనం ఎక్కి ఎగురుతున్నట్టు చూపే పక్షి కొండ మీంచి నిలువుగా దూకుతుంది. దూకేది తెర మీదే, మన సీటు కదిలేది కొద్దిగానే. అందుకే ఇక్కడ కళ్ళు మూసుకుంటే చాలావరకు పని జరుగుతుంది. టవర్ ఆఫ్ టెర్రర్‌లో కళ్ళు మూసుకున్నా లాభం లేదు, అక్కడ పడేది నిజంగా మన ఒళ్ళే. ఫ్లైట్ ఆఫ్ పాసేజ్‌లో మోటార్ సైకిల్ మీద కూర్చున్నట్టు కాళ్ళు అటూ ఇటూ వేసి ముందుకు వంగాలి. మోకాళ్ళు సహకరించని పెద్దవాళ్ళకు అదే పెద్ద కష్టం. అమ్మమ్మలకు, తాతయ్యలకు సోరిన్, వయసులో ఉండి డ్రాప్ మాత్రమే పడనివాళ్ళకు ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ అంటాను.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని దయ్యాల ఇల్లు హాంటెడ్ మాన్షన్ గురించి ఒక మాట. అందులో డ్రాప్ లేదు, బండి ఒకచోట వెనక్కి తిరిగి మెల్లగా వాలు దిగుతుంది, అంతే. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌కు వెళ్ళేవాళ్ళు మాత్రం గుర్తుంచుకోండి: అక్కడి పైరేట్స్‌లో జారుళ్ళు రెండు. ఓర్లాండోలో ఒకటే కదా అనుకుని కూర్చుంటే రెండోది హఠాత్తుగా వచ్చి పడుతుంది.

వరస కూడా ముఖ్యమే. పొద్దున్నే మైన్ ట్రైన్‌తో మొదలుపెట్టకండి. ముందు పైరేట్స్ ఎక్కించి, ఆ 14 అడుగులు ఎలా అనిపించాయో అడగండి. "అంతేనా!" అంటే మైన్ ట్రైన్ ముందు పెట్టెకు తీసుకెళ్ళండి. మొహం పాలిపోతే అక్కడితో ఆపి హాంటెడ్ మాన్షన్‌కు వెళ్ళండి, ఎప్‌కాట్ రోజున టెస్ట్ ట్రాక్, సోరిన్ ఎలాగూ ఉన్నాయి. క్యూలో గంట నిలబడి సరిగ్గా ఎక్కేముందు వద్దనిపించినా ఫరవాలేదు. అక్కడి సిబ్బందికి చెబితే పక్కదారిన బయటికి పంపేస్తారు, ఎవరూ ఏమీ అనరు. ఈ సంగతి క్యూలోకి అడుగుపెట్టకముందే పెద్దవాళ్ళకు చెప్పండి. చివరి నిమిషంలో కూడా తప్పుకోవచ్చని తెలిసినవాళ్ళు లోపలికి రావడానికి త్వరగా ఒప్పుకుంటారు.