హెచ్‌ఎస్ కోడ్ కోసం ఎవరిని నమ్మాలి: సప్లయర్ బిల్లునా, టూల్‌నా, సీహెచ్‌ఏనా, అవతలి దేశం టారిఫ్‌నా?

వైజాగ్ నుంచి ఏటికొప్పాక బొమ్మలు గానీ, అరకు కాఫీ గానీ ఆన్‌లైన్‌లో విదేశాలకి అమ్మేవాళ్లు ఈమధ్య ఒకరినొకరు అడుగుతున్న ప్రశ్న ఇదే. సరుకు ఏ రకమో చెప్పడానికి కస్టమ్స్ వాళ్లు వాడే నంబరే హెచ్‌ఎస్ కోడ్. సీహెచ్‌ఏ అంటే మన తరఫున కస్టమ్స్ పని చేసిపెట్టే ఏజెంటు, టారిఫ్ అంటే ఏ కోడ్‌కి ఎంత సుంకమో చెప్పే పట్టిక. ఒకప్పుడు అమెరికాకి 800 డాలర్ల లోపు పార్శిల్ అంటే సుంకం ఉండేది కాదు, కోడ్ కాస్త అటూ ఇటూ అయినా పెద్దగా పట్టించుకునేవాళ్లు కాదు. 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు పోయింది. ఇప్పుడు పది డాలర్ల బొంగరమైనా సుంకం లెక్కలోకి వస్తుంది, కొరియర్‌లో పంపితే ఆ లెక్క మొదలయ్యేదే కోడ్‌తో.

కోడ్‌లో మొదటి 6 అంకెలు ప్రపంచ కస్టమ్స్ సంస్థ పెట్టినవి, దాదాపు అన్ని దేశాల్లోనూ ఒకటే. ఆ తర్వాతి అంకెలు మాత్రం ఏ దేశానివి ఆ దేశానివే. మన దగ్గర మొత్తం 8, అమెరికాలో 10. సుంకం రేటు తేలేది ఎక్కువగా ఆ చివరి అంకెల్లోనే, అవి మనవి కావు. ఇది గుర్తుంటే ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో సగం తేలిపోతుంది.

చాలామంది చేసే పని సప్లయర్ జీఎస్టీ బిల్లు మీద వేసిన కోడ్, అంటే హెచ్‌ఎస్‌ఎన్‌ని యథాతథంగా దించేయడం. మొదలుపెట్టడానికి పనికొస్తుంది, జీఎస్టీ హెచ్‌ఎస్‌ఎన్ కూడా అదే కస్టమ్స్ టారిఫ్ నుంచి వచ్చిందే కదా. కానీ 5 కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవాళ్లు బిల్లులో 4 అంకెలు వేస్తే చాలు, మనకి సరుకిచ్చే చిన్న వ్యాపారులు దాదాపు అందరూ ఆ లోపే. పైగా వాళ్లకి కావలసింది జీఎస్టీ రేటు సరిపోవడం. బొమ్మకైనా చెక్క భరిణెకైనా ఇక్కడ 5 శాతమే కాబట్టి రెండూ ఒకే కోడ్ కింద బిల్లు కొట్టేసినా వాళ్లకి పోయేదేం లేదు. టెన్షనంతా మనకి.

ఏటికొప్పాక సరుకే చూడండి. అదే అంకుడు కర్ర, అదే లక్క పూత, చేసిన చెయ్యి కూడా ఒకటే కావచ్చు. అయినా బొంగరం వెళ్లేది 9503కి, అంటే ఆటబొమ్మలు. కుంకుమ భరిణె 4420, చెక్కతో చేసిన చిన్న పెట్టెలు, అలంకరణ సామాను అక్కడికి వస్తాయి. చెక్క గాజులు 7117, ఇమిటేషన్ నగలు. ఈ మూడూ ఒకే డబ్బాలో సర్ది 'వుడెన్ హ్యాండీక్రాఫ్ట్స్' అని ఒక్క లైన్ రాసి పంపేవాళ్లున్నారు. చేత్తో చేశామన్నది మనకి గొప్ప, కస్టమ్స్ వాళ్లు చూసేది దేనితో చేశారు, దేనికి వాడతారు అని. అమెరికా టారిఫ్‌లో 9503 కింద చివరిదాకా వెళ్తే ఆ బొమ్మ 3 ఏళ్ల లోపు పిల్లలదా, 3 నుంచి 12 మధ్య వాళ్లదా అని కూడా అడుగుతుంది. మన బిల్లులో ఆ సంగతి ఎక్కడుంటుంది? 12 ఏళ్లు, ఆ లోపు పిల్లల బొమ్మ అన్నాక అక్కడి భద్రతా నిబంధనల ప్రకారం సర్టిఫికెట్ కూడా ఉండాలి, కాబట్టి షోకేసులో పెట్టుకునే పెళ్లికొడుకు, పెళ్లికూతురు జంటని లిస్టింగ్‌లో ఊరికే 'టాయ్' అని రాయడం లేని బాదరబందీ తెచ్చుకోవడమే. అలాగని నిజంగా ఆడుకునే బొమ్మని షోపీస్ అని రాసి తప్పించుకుందామనుకోకండి, పట్టుబడితే అది ఇంకో తలనొప్పి.

ఇక టూల్స్. మార్కెట్‌ప్లేస్‌లు, కొరియర్ కంపెనీల సైట్లు, ఇప్పుడు ఏఐ చాట్‌లు, అన్నీ క్షణంలో కోడ్ చెప్పేస్తాయి. అవి చూసేది మీరు రాసిన వివరణ మాత్రమే. 'అరకు కాఫీ' అని కొడితే ఏం చెప్పాలి పాపం? వేయించని గింజ అయితే 0901 11, వేయించి పొడి కొట్టినది, కెఫీన్ తీయనిది అయితే 0901 21, చికోరీ కలిపితే 0901 90, ఇన్‌స్టంట్ అయితే ఏకంగా చాప్టరే (మొదటి 2 అంకెలు) మారి 2101 11. టూల్‌ని అడిగేటప్పుడు పదార్థం, తయారీ, వాడకం మూడూ రాయండి, వచ్చిన జవాబులో హెడింగ్ వరకే, అంటే మొదటి 4 అంకెలే తీసుకోండి. చివరి అంకెలు దాని మాట మీద నింపడం నాకైతే నచ్చదు, తప్పు కోడ్ కూడా అంతే ధీమాగా చెప్తుంది మరి.

సీహెచ్‌ఏ దగ్గరికి వెళ్లడం మంచిదేగా అంటారు. మన పోర్టు ఏరియాలో ఆఫీసులకేం కొదవ లేదు. ఫ్రోజెన్ రొయ్యల కోడ్ 0306 17 అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు, కానీ వాళ్ల బతుకు కంటైనర్లతో, రెండు కిలోల పార్శిల్ కోసం టారిఫ్ తిరగేసే ఓపిక అందరికీ ఉండదు. ఇంకోటి, ఆయన ఇచ్చేది మన వైపు షిప్పింగ్ బిల్లుకి, అంటే ఎగుమతికి ఇక్కడి కస్టమ్స్‌లో వేసే కాగితానికి, సరిపోయే 8 అంకెలు. అవతలి దేశం కస్టమ్స్‌లో దిగుమతి ఎంట్రీ వేసేది అక్కడి బ్రోకరో, కొరియర్ వాళ్లో. సరుకు పెద్దమొత్తంలో పంపుతుంటే, ఎగుమతి ప్రోత్సాహకాలు క్లెయిమ్ చేసుకోవాలంటే మాత్రం సీహెచ్‌ఏ ఫీజు దండగ కాదు.

నా ఓటు అవతలి దేశం టారిఫ్‌కే. అమెరికా టారిఫ్ మొత్తం ఆన్‌లైన్‌లో ఉచితం, బ్రిటన్‌దీ, ఐరోపా సమాఖ్యదీ అంతే. దానికన్నా విలువైనది అమెరికా కస్టమ్స్ వాళ్ల 'క్రాస్' అనే రూలింగ్స్ (ఏ వస్తువుకి ఏ కోడో వాళ్లు రాసిచ్చిన నిర్ణయాలు) సైట్. మీలాంటి వస్తువే ఇంతకుముందు ఎవరో అడిగి ఉంటారు, అది దేనితో చేసింది, ఎంత సైజు, ఏ కోడ్, ఎందుకు ఆ కోడ్ అని ఉత్తరంలో రాసి ఉంటుంది. రెండు మూడు చదివితే వాళ్ల ఆలోచన ఎలా నడుస్తుందో పట్టుబడుతుంది. పాతవైతే ఆ కోడ్ ఇంకా ఉందో లేదో చూసుకోండి, 2022 జనవరి 1న హెచ్‌ఎస్ కోడ్‌ల కొత్త ఎడిషన్ వచ్చినప్పుడు చాలా మారాయి. మొదటిసారి ఒక సాయంత్రం పోతుంది, నిజమే, కానీ మన షాపుల్లో ఉండే ఐటమ్స్ ఎన్నని? ఒక్కోదానికి తేల్చుకున్న కోడ్, ఏ రూలింగ్ చూసి తేల్చుకున్నారో ఆ నంబరు ఎక్సెల్‌లో పెట్టుకుంటే, రేపు కొరియర్ వాళ్లు ఫోన్ చేసి ఈ కోడ్ ఎందుకు వేశారంటే చెప్పడానికి మాట ఉంటుంది.

తేలనివీ ఉంటాయి. స్టీల్ ఫిల్టరు, కాఫీ పొడి ప్యాకెట్టు కలిపి గిఫ్ట్ బాక్స్‌గా అమ్ముతున్నారనుకోండి. విడిగా అయితే ఫిల్టరు 7323, కాఫీ 0901. సెట్‌గా అమ్మితే దానికి అసలు స్వభావం ఏ వస్తువు వల్ల వస్తుందో దాని కోడే మొత్తానికి వేయాలన్నది రూల్, మరి ఇక్కడ ఏది? నేను కాఫీ అంటాను, మీరు ఫిల్టరు అంటారు, టూల్ ఒకసారి ఇదీ ఒకసారి అదీ అంటుంది. ఇలాంటివి ఎక్కువగా అమ్ముడుపోతుంటే అమెరికా కస్టమ్స్‌నే ఆన్‌లైన్‌లో రూలింగ్ అడగొచ్చు, ఎగుమతిదారులు కూడా అడగొచ్చు, ఫీజు లేదు, మామూలు కేసుల్లో జవాబు 30 రోజుల్లో ఇస్తారు. ఫొటోలు, విడివిడిగా ఒక్కో వస్తువు ధర, బరువు, పెట్టెలో ఎలా సర్దుతారో అన్నీ జతచేసి పంపండి. జవాబు వచ్చేదాకా ఆ బాక్స్ లిస్టింగ్ ఆపి, ఫిల్టరూ కాఫీ విడివిడిగా అమ్ముకోండి.