బెర్లిన్‌లో గోడల్లేని బేత్లెహేము చర్చి

ఒకప్పుడు తూర్పు, పడమర బెర్లిన్‌ల మధ్య సరిహద్దు దాటే చోటైన చెక్‌పాయింట్ చార్లీ దగ్గర జనాన్ని చూసి మా ఆవిడ "ఇక్కడ నా వల్ల కాదు, పదండి" అంది. ఫొటోకి తప్ప అక్కడ ఆగక్కర్లేదు కూడా. నాలుగడుగులు వేస్తే మావర్‌స్ట్రాస్ పక్కన చిన్న ఖాళీ స్థలం వస్తుంది. నేను బెర్లిన్ వెళ్ళింది దానికోసమే.

అక్కడ ఒకప్పుడు బేత్లెహేము చర్చి ఉండేది. ఇప్పుడు ఉక్కు గొట్టాలతో గాలిలో గీసిన దాని ఆకారం మాత్రం ఉంది. 2012లో హువాన్ గరైసాబల్ అనే స్పెయిన్ కళాకారుడు నిలబెట్టాడు. కింద పాత పునాది గీతను రంగురాళ్ళతో పరిచారు. మేం చూస్తుండగానే ఒక కుర్రాడు సైకిల్ మీద ఈ గోడలోంచి దూరి ఆ గోడలోంచి వెళ్ళిపోయాడు. నాకు గుండె చివుక్కుమంది.

ఆ చర్చి కట్టుకున్నవాళ్ళు చెక్ మాట్లాడే బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలో ఒక భాగం) జనం. 1620లో ప్రాగ్ దగ్గర తెల్లకొండ యుద్ధంలో ప్రొటెస్టెంటులు ఓడిపోయాక అక్కడ కాథలిక్ మతమే ఉండాలన్నారు. ఆ తర్వాత తరతరాలు దొంగచాటుగా బైబిల్ చదువుకున్న కుటుంబాలు కొన్ని పక్కనున్న జర్మన్ ప్రాంతం శాక్సనీకి, అక్కణ్ణుంచి 1732లో బెర్లిన్‌కి వచ్చాయి. ప్రష్యా రాజు మొదటి ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ చోటిచ్చాడు. 1737లో చర్చి ప్రతిష్ఠ జరిగింది. పేరు మాత్రం వాళ్ళు తెచ్చుకున్నదే. ప్రాగ్‌లో చెక్ మతసంస్కర్త యాన్ హుస్ ప్రసంగాలు చేసిన మందిరం పేరు బేత్లెహేము. బెర్లిన్‌లో ఈ చర్చి స్థలం పక్కనే ఇంటి సామాన్లన్నీ తాళ్ళతో బిగించిన పెద్ద బంతిలాంటి శిల్పం ఉంది. మూటాముల్లె సర్దుకుని వచ్చారంటామే, అదే.

1943 బాంబుదాడిలో చర్చి కూలింది. మిగిలిన మొండిగోడల్ని 1963లో తీసేశారు.

మాది గుంటూరు లూథరన్ కుటుంబం. మన సంఘం కథ వేరు, 1842లో అమెరికా నుంచి వచ్చిన మిషనరీ హయ్యర్ అయ్యగారితో మొదలైంది. కానీ రాంచీ లూథరన్ల కథ ఈ చోటునుంచే నడిచింది. 1829 నుంచి 1846 దాకా ఇక్కడ పాస్టరుగా ఉన్న గోస్నర్ పంపిన నలుగురు మిషనరీలు 1845లో రాంచీ చేరారు. ఇల్లు పోయి వచ్చినవాళ్ళ గుడి నుంచి మన దేశానికి మనుషులు బయల్దేరారన్నది నన్ను అక్కణ్ణుంచి కదలనివ్వలేదు.

బస విషయానికొస్తే, మొదటి రెండు రాత్రులు ఫ్రీడ్రిష్‌స్ట్రాస్ దగ్గర ఉన్నాం. డబ్బులెక్కువ, పెట్టె తెరిస్తే నడవడానికి చోటు లేదు. తర్వాత నోయ్‌కోల్న్‌లో వంటగదితో అపార్ట్‌మెంట్ తీసుకుని పప్పన్నం వండుకున్నాం. నా ఓటు దానికే. అక్కణ్ణుంచి రిక్స్‌డార్ఫ్ నడిచే దూరం. 1737లో ఇంకొందరు బొహీమియన్లకు ఇళ్ళిచ్చిన పల్లె అది, పెద్ద నగరం మధ్యలో ఇప్పటికీ పల్లెలాగే ఉంది. వారసులు 1912లో కృతజ్ఞతతో పెట్టిన రాజు విగ్రహం, బడి గోడ మీద ప్రభుబల్ల పాత్ర బొమ్మ తప్పక చూడండి. అక్కడి మ్యూజియం వారంలో కొన్ని గంటలే తెరుస్తారు. టైమింగ్స్ చూసుకోకుండా వెళ్ళి మేం ఒకసారి ఉత్తచేతులతో తిరిగొచ్చాం. మెట్రోకి డే పాస్ కొనుక్కుంటే టెన్షన్ ఉండదు.

నవంబరు కాబట్టి ఐదింటికే చీకటి. చివరి సాయంత్రం మళ్ళీ చర్చి దగ్గరికి వెళ్తే ఉక్కు గీతలన్నీ వెలుగుతున్నాయి. అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను.

"బావుందిరా. లోపలికి వెళ్ళి చూపించు" అంది.

"లోపలే ఉన్నానమ్మా" అన్నాను.