ఇనుప టీ కెటిల్ కొనేముందు మూత తీసి లోపల చూడండి

ఆన్‌లైన్‌లో "జపనీస్ కాస్ట్ ఐరన్ టీ కెటిల్" కోసం వెతుకుతున్నవాళ్లకి ముందే చెప్తున్నా. గ్యాస్ మీద పెట్టొచ్చు అని, లోపల ఎనామెల్ పూత, అంటే గాజు పొర, ఉంది అని, నీళ్లలోకి ఐరన్ దిగుతుంది అని ఈ మూడూ ఒకే పేజీలో రాసి ఉంటే ఆ పేజీ మూసేయండి. అమ్మేవాడికి తన సరుకేంటో తెలియకపోయి ఉండాలి, లేదా తెలిసే అబద్ధమాడుతూ ఉండాలి. మాకు సరిగ్గా అలాంటిదే అంటగట్టారు.

అమ్మకి హిమోగ్లోబిన్ తక్కువ. మా పిన్ని ఎక్కడో చూసి లింకు పంపింది. "అసలైన నంబు ఇనుము", "నేరుగా మంట మీద వాడవచ్చు", "రక్తహీనతకు సహజ పరిష్కారం" అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. ధర మూడు వేల చిల్లర. వచ్చిన వస్తువు చూడ్డానికి మాత్రం ముచ్చటగానే ఉంది: నల్లగా, ఒళ్లంతా వరసలుగా చిన్న చిన్న బుడిపెలు, చేతికి బరువుగా. పేజీలో చెప్పినట్టే చిన్న మంట మీద నీళ్లు కాచాం. కొత్తలోనే లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు రావడం మొదలైంది. ఇనుము వేడెక్కితే అలాగే అంటుందని చాట్‌లో అమ్మకందారే సర్దిచెప్పాడు.

ఆ తర్వాత ఒక రోజు కప్పులోకి వంచుతుంటే జాలీలో నల్లటి పెచ్చు పడింది. చిటికెన వేలి గోరంత కూడా లేదు. తీసి చూస్తే ఒకవైపు నిగనిగలాడుతోంది, రెండోవైపు బూడిదరంగులో గరుగ్గా ఉంది, అంచు పట్టుకుంటే గుచ్చుకుంటోంది. గాజు! టార్చి వేసి లోపలికి చూస్తే అడుగంతా సన్నటి బీటలు, ఒకచోట పూత లేచిపోయి కింద ఇనుము బయటపడింది, అక్కడ అప్పుడే ఎర్రగా తుప్పు పట్టింది. జాలీ లేకుండా వంచి ఉంటే ఆ ముక్క ఎవరి గొంతులోకి పోయేదో.

ఫొటోలు పంపితే వచ్చిన జవాబు: "వాడిన వస్తువు వెనక్కి తీసుకోం మేడమ్. మీరు మంట ఎక్కువ పెట్టి ఉంటారు." అప్పుడు అట్టపెట్టె బయటికి తీశాం. అడుగున వాళ్ల బ్రాండు స్టిక్కరు కాస్త వంకరగా అంటించి ఉంది. అంచు గోటితో గీకి లాగితే కింద ఒక బొమ్మ అచ్చయి ఉంది: మంట గుర్తు, దాని మీద అడ్డగీత. తయారుచేసినవాడు మంట మీద పెట్టొద్దనే చెప్పాడన్నమాట. మధ్యలోవాడు దాన్ని స్టిక్కరుతో కప్పేసి "గ్యాస్ సేఫ్" అని రాసుకున్నాడు.

ఇక్కడ అసలు విషయం ఏంటంటే, జపాన్‌లో ఇవి రెండు వేరువేరు వస్తువులు. బయటి నుంచి చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి, అందుకే ఈ మోసం ఇంత సులువుగా నడుస్తోంది.

మొదటిది టెట్సుబిన్. ఇది నీళ్లు కాచుకునే కెటిల్, అంతే. ఇందులో టీ ఆకు వెయ్యరు. కాచిన నీళ్లు వేరే పింగాణీ కూజాలోకి వంచుకుని అక్కడ ఆకు నానబెడతారు. లోపల ఏ పూతా ఉండదు. పోత పోశాక కెటిల్‌ని బొగ్గుల నిప్పుల్లో ఇంచుమించు 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో కాలుస్తారు. దాంతో ఇనుము మీద బూడిద నలుపు రంగులో పలచటి ఆక్సైడ్ పొర కడుతుంది. తుప్పుని ఆపేది ఆ పొరే. ఉత్తర జపాన్‌లోని ఇవాతె ప్రాంతంలో మొరియోకా, ఓషూ ఊళ్లు ఈ పనికి పేరుమోసినవి. 17వ శతాబ్దంలో మొరియోకాని ఏలిన నంబు ప్రభువులు క్యోటో నుంచి కెటిల్ పోసే పనివాళ్లని పిలిపించుకున్నారు. "నంబు ఇనుము" అన్న పేరు అలా వచ్చింది. 1975లో జపాన్ ప్రభుత్వం దీన్ని సంప్రదాయ హస్తకళగా అధికారికంగా గుర్తించింది. మట్టి అచ్చు చేత్తో చేసి పోసిన కెటిళ్లలో పేరున్న పనివాళ్లవి అక్కడే లక్ష యెన్‌లు దాటతాయి. ఫ్యాక్టరీలో పోసినవి చాలా తక్కువకే దొరుకుతాయి గానీ, ఎంత తక్కువైనా సముద్రం దాటి, సుంకం కట్టి మూడు వేలకి మన గుమ్మంలోకి మాత్రం రావు.

రెండోది క్యూసు, అంటే టీ ఆకు నానబెట్టే చిన్న కూజా. ఇదీ పోత ఇనుమే. కానీ లోపల ఎనామెల్ పూత, అంటే గాజుపొడిని ఇనుము మీద 800 డిగ్రీల ప్రాంతంలో కరిగించి అతికించిన పొర. వేరే గిన్నెలో కాచిన నీళ్లు ఇందులో పోసుకోవాలి. దీన్ని పొయ్యి ఎక్కించకూడదు. ఇనుము, గాజు వేడికి ఒకే తీరుగా సాగవు. అరచేతి వెడల్పు కూడా లేని అడుగుకి కింద నుంచి మంట తగిలితే ఇనుము గబుక్కున సాగుతుంది, పైన గాజు బీటలు వారుతుంది. మేం విన్న టిక్కు టిక్కు అదే. "మరి ఎనామెల్ పూసిన ఇనుప కుండల్లో బిర్యానీలు వండుతున్నారు కదా" అని ఎవరైనా అడగొచ్చు. అవి పొయ్యి మీద వండటానికే చేసినవి. ఇవి కాదు.

రెండిట్లో ఏది తక్కువ, ఏది ఎక్కువ అని కాదు. గ్రీన్ టీ తాగేవాళ్లకి క్యూసు చక్కటి వస్తువు. టీని చాలాసేపు వేడిగా ఉంచుతుంది, కడగడం తేలిక. చైనాలో చేసిందైనంత మాత్రాన చెడ్డదనీ కాదు. క్యూసుని క్యూసు అని చెప్పి అమ్మితే నాకే అభ్యంతరమూ లేదు.

ఎలా పోల్చుకోవాలి? పేజీలో లోపలి ఫొటో ఉందో లేదో చూడండి. లేకపోతే అడగండి. ఇవ్వనంటే వదిలేయండి, ఇది నా గట్టి మాట. లోపల నల్లగా నున్నగా మెరుస్తుంటే ఎనామెల్. మెరుపు లేకుండా బూడిదరంగులో కాస్త గరుగ్గా ఉంటే పూత లేనిది. పెట్టెలో స్టీలు జాలీ బుట్ట వస్తుందంటే అది దాదాపుగా క్యూసే, ఎందుకంటే ఉత్త నీళ్లు కాచుకునేదానికి జాలీతో పనేముంది. అర లీటరు లోపు సైజులూ ఎక్కువగా అవే. చేతికి వచ్చాక ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి పెట్టి చూడండి. అంటుకోకపోతే అది ఇనుమే కాదు, నల్ల రంగేసిన అల్యూమినియం అయ్యుంటుంది. అయితే అయస్కాంతం అంటుకున్నంత మాత్రాన సంబరపడకండి. లోపల పూత ఉందో లేదో అది చెప్పదు.

ఇప్పుడు ఐరన్ సంగతి. పూత లేని కెటిల్‌లో నీళ్లు కాస్తే కొద్దిగా ఐరన్ దిగుతుంది, నిజమే. ఎనామెల్ ఉన్నదాంట్లో ఏమీ దిగదు, నీళ్లు ఇనుముని తాకితే కదా. పైగా టీకి వగరునిచ్చే టానిన్లు అనే పదార్థాలు మనం తిన్న ఆకుకూరలు, పప్పుల్లోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. రక్తం తక్కువున్న మనిషికి భోజనంతో పాటు టీ తాగొద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే. గాజు పూసిన కూజాలో టీ పోసి "రక్తహీనతకు పరిష్కారం" అని అమ్ముతున్నారంటే ఎంత ధైర్యమో చూడండి. అమ్మ ఇప్పుడు డాక్టరు రాసిన మాత్రలే వేసుకుంటోంది.

పూత లేనిది కొని అందులోనే టీ ఆకు వేసి మరిగించేవాళ్లూ ఉన్నారు. టీ సిరాలా నల్లగా అయిపోతుంది, నోట్లో పెట్టుకుంటే ఇనుప రుచి. ఇది కెటిల్ లోపం కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు పుట్టేది సరిగ్గా ఈ పద్ధతిలోనే. గుడ్డకి ముందు కరక్కాయ, పాలు పట్టించి ఆరబెడతారు. తుప్పు ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టిన ద్రవంతో దాని మీద గీస్తే కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. టీ ఆకులోనూ ఉన్నది టానినే. జపాన్ పనివాళ్లు కూడా కెటిల్ బయటి నలుపు కోసం ఇనుప ద్రావణాన్ని టీతో కలిపి పూయడం పాత పద్ధతి. కాబట్టి ఆకు ఎప్పుడూ వేరే కూజాలోనే. పాలు, అల్లం, యాలకులు వేసి మరిగించే మన టీకైతే ఈ రెండూ వద్దు, స్టీలు గిన్నె ఉండగా ఈ ఖర్చెందుకు.

ఇంతా చెప్పాక కూడా టెట్సుబిన్ కొంటాం అనేవాళ్లుంటారు. కొనండి, మంచి వస్తువే. కానీ దోసె పెనం అలవాటుతో దాని దగ్గరికి వెళ్లొద్దు. పెనానికి నూనె పట్టించి కాలుస్తాం, దీనికి నూనె తగలకూడదు. నీళ్ల మీద తెట్టు కడుతుంది, వాసనొస్తుంది. కొత్తలో నీళ్లు కాచి పారబోయండి, తేటగా వచ్చేదాకా. ముప్పాతిక వంతు మించి నింపొద్దు, పొంగి బయటి పూత మీద మరకలు పడతాయి. మంట అడుగు దాటి పక్కలకి ఎగబాకకూడదు. అడుగు చిన్నది కాబట్టి మన గ్యాస్ పొయ్యి కడ్డీల మీద తిన్నగా నిలవకపోవచ్చు, పైన ఒక ఇనుప వల పెట్టుకుంటే సరిపోతుంది. ఇండక్షన్ మీదైతే అమ్మేవాళ్లని అడిగి, తక్కువ పవర్‌తో మొదలుపెట్టాలి. ఒక్కసారిగా ఎక్కువ పెడితే అడుగు చిట్లే ప్రమాదం ఉంది. వేడి కెటిల్‌లో చన్నీళ్లు పోయడం అన్నిటికంటే చెడ్డపని.

పని అయ్యాక వేడిగా ఉండగానే నీళ్లన్నీ వంపేసి మూత తీసి పెట్టండి. ఆ వేడికే లోపల ఆరిపోతుంది. తడి మిగిలితే సన్నటి సెగ మీద కొద్దిసేపు చాలు, ఖాళీ కెటిల్‌ని పొయ్యి మీద మర్చిపోతే లోపలి పొర పాడవుతుంది. రాత్రంతా నీళ్లు నిలవ ఉంచారా, తెల్లారేసరికి తుప్పు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో, అందులోనూ వానాకాలంలో, ఇంకాస్త జాగ్రత్త.

వాడగా వాడగా లోపల తెల్లటి పొర కడుతుంది. మురికి అనుకుని తోమేస్తారు చాలామంది. అది నీళ్లలోని కాల్షియం, ఇనుముకి కాపలా. బోరు నీళ్లకి బాగా కడుతుంది, ఖనిజాలు తీసేసిన ఆర్‌ఓ నీళ్లకి నెమ్మదిగా. నిమ్మకాయ, చింతపండు, వెనిగర్, స్టీలు పీచు, గిన్నెల సబ్బు: ఇవేవీ లోపలికి వెళ్లకూడదు. పనమ్మాయికి ఈ ముక్క ముందే చెప్పిపెట్టండి, లేకపోతే మెరిసేలా తోమి చేతికిస్తుంది.

లోపల అక్కడక్కడా ఎర్ర మచ్చలు కనిపిస్తే కంగారు పడొద్దు. నీళ్లు తేటగా వస్తున్నంతవరకు వాడుకోవచ్చు. నీళ్లే ఎర్రగా వస్తుంటే వాడేసిన గ్రీన్ టీ ఆకుని పలచటి గుడ్డలో మూటకట్టి, నీళ్లలో వేసి సన్నటి సెగ మీద ఓ అరగంట మరగనివ్వండి. చల్లారాక పారబోసి, అవసరమైతే మళ్లీ. తుప్పు టానిన్‌తో కలిసి నల్లగా గట్టిపడుతుంది, ఎరుపు ఆగుతుంది. టీలో తడిపి పిండిన గుడ్డతో గోరువెచ్చగా ఉన్నప్పుడు బయట తుడిస్తే నిగ్గు తేలుతుంది.

క్యూసుకి ఇంత హడావిడి లేదు. మెత్తటి స్పాంజి, ఉత్త నీళ్లు. మూత అడుగు, అంచు, ముక్కు చివర దగ్గర పూత ఉండకపోవచ్చు, తుప్పు మొదలయ్యేది అక్కడే కాబట్టి ఆ చోట్లు పొడిగా తుడవండి. పూత పెచ్చు లేచిందంటే మాత్రం అది ఇక తాగే వస్తువు కాదు. అతికించే ఉపాయాలేవీ వెతక్కండి.

ఇప్పటికే ఇలాంటిది కొని ఇరుక్కున్నవాళ్లకి: ముందు ఆ పేజీ స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి, గొడవ మొదలవగానే రాతలు మార్చేస్తారు. మా విషయంలో "గ్యాస్ సేఫ్" అన్న మాట రాత్రికి రాత్రే మాయమైంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఏ దేశంలో తయారైందో, దిగుమతి సరుకైతే తెప్పించినవాళ్లెవరో పేజీలో చెప్పాలి. అవి లేకపోతే అదీ ఫిర్యాదులో రాయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. మేం అక్కడే మొదలుపెట్టాం. పెట్టె మీది స్టిక్కరు సగం లాగిన ఫొటో జత చేశాక అమ్మకందారు గొంతు మారింది, డబ్బు వెనక్కి వచ్చింది. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ల గడువుంది.

డబ్బు వచ్చింది కదా అని ఊరుకుందామనుకుంటే, అదే కెటిల్ ఇప్పుడు ఇంకో పేరుతో, అవే ఫొటోలతో, అదే రక్తహీనత మాటతో మళ్లీ అమ్మకానికి కనిపిస్తోంది. మీరు కొన్నదీ అలాంటిదే అనిపిస్తే అట్టపెట్టె పారేయకండి, దాని మీది స్టిక్కరు ఒకసారి లాగి చూడండి.