పాత డిజైర్ డీజిల్: ఇంజన్ గట్టిదే, చూడాల్సింది ఉప్పు, వరద, మీటరు

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కావాలంటే బ్రోకరు మొదట చూపించేది స్విఫ్ట్ డిజైరే. ఈ రివ్యూ 2012 ఫిబ్రవరిలో వచ్చి 2017 వరకు అమ్ముడుపోయిన రెండో తరం డీజిల్ బండి గురించి. ఫియట్ వాళ్ల 1248 సీసీ మల్టీజెట్ ఇంజన్, 190 న్యూటన్ మీటర్ల టార్క్, 316 లీటర్ల డిక్కీ. స్విఫ్ట్, రిట్జ్, ఎర్టిగాల్లోనే కాదు, టాటా విస్టా, ఫియట్ పుంటోల్లో కూడా ఉన్నది ఈ ఇంజనే. అందుకే దీని పని తెలిసిన మెకానిక్ కోసం వెతుక్కోనక్కర్లేదు. సరిగ్గా చూసుకున్న బండి రెండు లక్షల కిలోమీటర్లు దాటాక కూడా నమ్మకంగా తిరుగుతుంది. చూసుకోని బండి లక్షకే ఇంజన్ విప్పి బోరు చేయించాల్సిన స్థితికొస్తుంది. కాబట్టి మోడల్ సంవత్సరం కన్నా ఎవరు తిప్పారు, ఎక్కడ తిప్పారు అన్నదే ముఖ్యం.

బండి చూడటానికి తెల్లారే వెళ్లండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేస్తామని ముందుగానే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉందంటే మీరు రాకముందే వేడి చేసి ఉంచారు, ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి. ఈ ఇంజన్‌కి బెల్టు కాదు, టైమింగ్ చైన్ ఉంటుంది. చైన్‌ని బిగించి పట్టే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఆ ప్రెషర్ రావడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది, ఆ కాసేపు చిన్న గరగర వినిపించినా కంగారు పడనక్కర్లేదు. ఆ తర్వాత కూడా ఏసీ, ఆల్టర్నేటర్ బెల్టులున్న వైపు నుంచి గొలుసు రాపిడిలా శబ్దం వస్తూనే ఉందంటే చైన్ సాగింది. అది పళ్లు దాటితే వాల్వులను కదిలించే రాకర్లు విరుగుతాయి, వాల్వులు వంగుతాయి. ఇందులో పట్టే ఆయిల్ మూడు లీటర్ల పైచిలుకు మాత్రమే. ఆ కాస్త ఆయిల్‌లోనే మసి అంతా చేరుతుంది కాబట్టి 10,000 కిలోమీటర్లకు మార్చాల్సింది 20,000 దాకా నెట్టుకొస్తే ముందుగా దెబ్బతినేది చైనే. బిల్లుల్లో 5W-30 ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకోసారి మార్చారో వరుసగా చూడండి.

డిప్ స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉందని బండి వదిలేయకండి. డీజిల్ బండిలో మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. భయపడాల్సింది లెవల్ మ్యాక్స్ గీత దాటి ఉండి డీజిల్ వాసన కొడితేనే. ఇంజెక్టర్ కారుతోందనడానికి అది గుర్తు. ఇంజెక్టర్ల మొదట్లో తారులా గడ్డకట్టిన మసి కనిపించినా అనుమానించాల్సిందే. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి అదే రంధ్రం మీద వదిలేయండి. కొంచెం కదలడం మామూలే. ఎగిరి పడిపోతోందంటే పిస్టన్ రింగులు అరిగాయి.

రేడియేటర్ నీళ్ల రంగు తప్పక చూడాలి. కూలెంట్ రంగుగా, శుభ్రంగా ఉండాలి. మన వైపు చాలామంది దారిలో ఏ బోరు నీళ్లు దొరికితే అవి పోసేస్తారు. ఉప్పు నీళ్లకు లోపల గార కట్టి, రోహిణి కార్తెలో ఏసీ వేసుకుని హైవే ఎక్కగానే వేడెక్కుతుంది. కూలెంట్ బాటిల్‌లో తుప్పు రంగు నీళ్లున్నా, పైన ఆయిల్ తెట్టు కట్టినా బేరం ఆడకండి.

టెస్ట్ డ్రైవ్ వీధి చివర దాకా పోయి వస్తే సరిపోదు. కనీసం ఇరవై కిలోమీటర్లు నడపాలి: నెల్లూరు నుంచి కోవూరు మీదుగా హైవే, లేదా ఒంగోలు నుంచి చీమకుర్తి రోడ్డు. ఈ ఇంజన్ 1,800 ఆర్‌పీఎం లోపు మందంగానే ఉంటుంది, అది దాని స్వభావం. రెండు వేలు దాటగానే వెనక నుంచి నెట్టినట్టు పికప్ రావాలి. రాకపోతే ఇంటర్‌కూలర్ గొట్టం చిరిగి ఉండొచ్చు, పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి ఉండొచ్చు, టర్బోయే పోయి ఉండొచ్చు. వెనక వచ్చేవాళ్లను పొగ చూడమనండి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు కాస్త నలుపు ఫరవాలేదు. నీలం పొగంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. గ్రానైట్ క్వారీల వైపు తిరిగిన బండైతే ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిచి, ఫిల్టర్ దాటిన అవతలి వైపు వేలితో తుడిచి చూడండి. అక్కడ రాతిపొడి అంటిందంటే అది టర్బో రెక్కల దాకా పోయినట్టే.

మూడో గేర్లో, హ్యాండ్ బ్రేక్ వేసి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా అరుస్తుంటే క్లచ్ ప్లేటు అయిపోయింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నిదానంగా పోనిస్తే టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. గతుకుల్లో కింద కటకటలాడితే లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు. ఇవేవీ బండి వదులుకోవాల్సిన లోపాలు కావు, ధర తగ్గించమని అడగడానికి పనికొస్తాయి.

నిజంగా వదులుకోవాల్సింది నీళ్లలో మునిగిన బండిని. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవేనే కోసుకుపోయింది. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. అలాంటి వరదల్లో నానిన బండ్లు కడిగి, సీటు కవర్లు మార్చి అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టును చివరి వరకు బయటికి లాగండి. పై భాగం శుభ్రంగా ఉండి, ఎప్పుడూ బయటికి రాని చివరి జానెడు మీద బురద గీత ఉంటే ఇక ఏమీ చూడనక్కర్లేదు. అది కడగడం ఎవరికీ గుర్తుండదు. సీటు కింది బోల్టుల తుప్పు, కార్పెట్ కింద స్పాంజి వాసన, స్టెప్నీ గుంతలో ఒండ్రు, ఫ్యూజ్ బాక్స్ పిన్నుల మీద పచ్చటి చిలుము కూడా చూడండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న మోడలైతే తాళం తిప్పగానే దాని లైటు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని తీసేసి ఉండొచ్చు.

వరద లేకపోయినా తీరంలో ఉప్పుగాలి ఉంటుంది. ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండికి కింది నుంచి తుప్పు పడుతుంది. లిఫ్ట్ ఎక్కించి చూడటానికి ఇచ్చే డబ్బు దండగ కాదు. తలుపుల అడుగంచు, వెనక చక్రాల గూళ్లు, బ్రేకు గొట్టాలు, సైలెన్సర్ అతుకులు, బ్యాటరీ కింది పళ్లెం చూడండి. కింద కొత్తగా నల్ల కోటింగ్ కొట్టి ఉంటే స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డొల్లగా పలుకుతుంది. టింకరింగ్ సంగతి తేలాలంటే తలుపు రబ్బరు లాగి చూడండి. కంపెనీ స్పాట్ వెల్డింగ్ గుంటలు గుండ్రంగా, సమాన దూరంలో ఉంటాయి.

2013 డీజిల్ బండి మీటరు 65,000 చూపిస్తే నమ్మే ముందు ఆలోచించండి. అంత తక్కువ తిరిగేవాళ్లు డీజిల్ కొనరు. బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా, డ్రైవరు సీటు పక్క అంచు అణిగి ఉండి మీటరు మాత్రం తక్కువ చూపిస్తే అది తిప్పిన మీటరే. వెనక ఎడమ తలుపు పిడి ముందు వాటికన్నా ఎక్కువ అరిగిందంటే ట్రావెల్స్‌లో తిరిగి తెల్ల బోర్డుకు మారిన బండి కావచ్చు. టైరు మీద 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. రీడింగ్ 40,000 దగ్గరే ఉండి, నాలుగు టైర్లూ రెండోసారి మార్చినవైతే లెక్క కుదరదు.

కాగితాల్లో, తమిళనాడు బండి చవకని మోసపోకండి. ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టి, నంబరు మార్చుకునేసరికి తేడా కరిగిపోతుంది. నెల్లూరు ఏపీ 26, ప్రకాశం ఏపీ 27 నంబర్లలో 2012 బండికి ఆర్‌సీ గడువు 15 ఏళ్లకు, అంటే 2027లో తీరుతుంది. దాన్ని రెన్యువల్ చేయించే ఖర్చు ఇప్పుడే ధరలో తగ్గించండి. ఫైనాన్స్ ఉండి ఉంటే ఫారం 35తో అది రద్దయిందా అని రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో చూశాకే, బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు.

ఇంకొకటి. 2014లో మారుతి డిజైర్లను రెండుసార్లు వెనక్కి పిలిచింది. మొదట 2013 నవంబరు నుంచి 2014 ఫిబ్రవరి మొదటి దాకా తయారైనవాటిలో ఫ్యూయల్ ఫిల్లర్ నెక్ కోసం, తర్వాత 2010 మార్చి నుంచి 2013 ఆగస్టు దాకా తయారైన కొన్ని డీజిల్ డిజైర్లలో వైరింగ్ హార్నెస్ కోసం. చాసిస్ నంబరు ఇచ్చి ఆ పని చేశారా అని షోరూమ్‌లో అడగండి. అదే కౌంటర్లో పాత సర్వీస్ రికార్డు కూడా అడిగి తీసుకుంటే మీటరు నిజం కూడా తేలుతుంది. అది చేతికొచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.