గోడ చార్టా, ఫోన్ యాపా, ఉప్పు డబ్బానా? పిల్లలకి చదవడం అలవాటవ్వాలంటే ఏది మేలు

మావాడికి నాలుగున్నరేళ్లు, ఆర్నెల్ల నుంచి మూడూ ట్రై చేశా, ముందే చెప్పేస్తున్నా నా ఓటు డబ్బాలకే.

చార్ట్‌తో తంటా ఏంటంటే వాడు అక్షరం చూడట్లేదు, బొమ్మ చూస్తున్నాడు. అ అమ్మ, ఆ ఆవు అని గడగడా అప్పజెప్తాడు, ఆవు బొమ్మ మీద చెయ్యి అడ్డం పెడితే అంతే, దిక్కులు చూస్తాడు. పైగా అచ్చులతో మొదలుపెట్టి ఋ, ౠ దాకా నెలలు లాగుతాం, కానీ మామూలుగా రాసిన మాటల్లో అచ్చు దాదాపు మాట మొదట్లోనే కనిపిస్తుంది, మిగతా అంతా గుణింతాలు, ఒత్తులే కదా. బండి అక్కడే ఆగుతుంది.

యాప్ గురించి ఎక్కువ చెప్పను. కరెక్ట్ అక్షరం నొక్కితే మ్యూజిక్ వస్తుంది, ఆ మ్యూజిక్ కోసం అన్నీ నొక్కుతూ పోతాడు. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకి కూర్చుని స్క్రీన్ చూడటం రోజుకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, మా ఇంట్లో ఆ గంట కార్టూన్లకే చాలదు.

ఇక డబ్బాలు. ఉప్పు, పప్పు, చక్కెర అని పెద్దగా రాసి స్టీల్ డబ్బాలకి అతికించా. వారంలో అన్నీ చదివేస్తున్నాడని మురిసిపోయా, తీరా చూస్తే చక్కెర డబ్బా చూసి "షుగర్" అంటున్నాడు, అంటే చదివేది డబ్బాని, పేరుని కాదు. సరే అని రెండు కాగితాలు అటూఇటూ మార్చా. అత్తమ్మకి చెప్పడం మర్చిపోయా, సాయంత్రం చాయ్‌లో ఉప్పు పడింది, అది వేరే కథ. కానీ ఆ రోజు నుంచే వాడు వేలు పెట్టి చూడటం మొదలుపెట్టాడు, ఉప్పులో, పప్పులో "ప్పు" ఒకటేనని వాడే కనిపెట్టాడు, నేను చెప్పలేదు.

మెట్రోలో కూడా ఇదే. ఎర్రగడ్డలో ఎక్కి మియాపూర్ వెళ్తాం, అమ్మమ్మ వాళ్లింటికి. దారిలో మూసాపేట బోర్డు చూసి "మియాపూర్ వచ్చింది, దిగుదాం" అని ఒకటే గోల. తప్పే గానీ మ పట్టుకున్నాడు కదా. పేర్లకి చప్పట్లు కొట్టిస్తా, మి-యా-పూర్ మూడు, మూ-సా-పే-ట నాలుగు, మాటని ముక్కలు చెయ్యడం అట్లా వస్తుంది. మ, య చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి, మియాపూర్‌లో రెండూ పక్కపక్కనే దొరుకుతాయి, ఇంకేం కావాలి.

షాపుల బోర్డులు మాత్రం మొదట్లో వద్దు, వంకర టింకర అక్షరాలు, "స్వీట్స్" లాంటి ఒత్తులు, వాడికే కాదు నాకే తికమక.

రాత్రి నానమ్మ చెప్పే కథలని పోటీలో పెట్టలేదు, అవి అక్షరాలు నేర్పవు, కానీ మాట ముందే తెలిసుంటే చదివినప్పుడు "ఓ ఇదా" అని వెలుగుతుంది, అవి ఎట్లాగూ ఉండాల్సిందే.

చార్ట్ పారెయ్యలేదు. మూసాపేట గొడవ రోజు ఇంటికొచ్చి వాడే స్టూల్ లాక్కుని ఎక్కి, మ గుణింతం వరసలో మి, మూ ఎక్కడున్నాయో చూపించమన్నాడు.